మా తాతయ్య మోసిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది మా తాతయ్యే. ఇంకా వెలుగు రాకముందే కావిడి భుజాన వేసుకుని, దానికి రెండు రేకు డబ్బాలు తగిలించుకుని, మెట్లు దిగి వీధి కొళాయి దగ్గరికి వెళ్ళేవాడు. అయితే ఆ నీళ్ళు మా ఇంటికి కాదు. మా ఇంటికి కావలసినవి మా అమ్మా నాయనమ్మా పట్టుకునేవారు. తాతయ్య మోసేవి మాకు పైన, కొండ మీద చివరి ఇంట్లో ఉండే ఒక మామ్మకి.

మేము కంచరపాలెంలో కొండవాలు మీద ఉండేవాళ్ళం. ఒక ఇంటి కప్పు దగ్గర ఇంకో ఇంటి గుమ్మం మొదలయ్యేది. కొళాయి కింద వీధిలో ఉండేది. అది వచ్చేది పొద్దున ఒక గంట, అదీ వస్తే. కొళాయి నుంచి మా ఇంటికి పాతిక మెట్లు ఉంటే, మా ఇంటి నుంచి మామ్మ ఇంటికి ఎనభై పైనే. కొన్ని సిమెంటు మెట్లు, కొన్ని ఉత్త రాళ్ళు. వాన పడితే ఆ రాళ్ళు కదిలేవి. అప్పటికి తాతయ్యకి అరవై దాటింది. పైకి వెళ్ళి వచ్చేసరికి వీపంతా తడిసిపోయి, గుమ్మంలో కూలబడేవాడు.

ఆ మామ్మకి భర్త లేడు. ఒక్కతే కూతురు, పెళ్ళై పెందుర్తి వెళ్ళిపోయింది. మామ్మ ఒక బడిలో ఆయాగా పనిచేసేది. దిక్కులేని మనిషి కదా అని తాతయ్య సాయం చేస్తున్నాడని నేను అనుకునేదాన్ని. మా వీధిలో వాళ్ళూ అలాగే అనేవారు, ఆయన దేవుడి మనిషి అని. ఆ మాట వినపడినప్పుడల్లా తాతయ్య ముఖం పక్కకి తిప్పుకునేవాడు.

మేము క్రైస్తవులం. కొండ దిగువన రేకుల కప్పుతో చిన్న మందిరం ఉండేది. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉండేది. పాస్టరు గారు ప్రార్థన చేసి, రొట్టె ముక్కా ద్రాక్షరసమూ అందరికీ ఇచ్చేవారు. ప్రభువు మన పాపాల కోసం తన ప్రాణం పెట్టి, మనం చెల్లించలేనిది తానే చెల్లించాడని గుర్తు చేసుకోవడానికి అది. సరిగ్గా ఆ సమయానికి మా తాతయ్య లేచి బయటికి వెళ్ళి, వరండాలో చెప్పుల దగ్గర కూర్చునేవాడు. చిన్నపిల్లలకి ఎలాగూ ఇవ్వరు కాబట్టి నేనూ వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. ఎందుకు వచ్చేశావని ఒకసారి అడిగితే, లోపల ఉక్క అన్నాడు. చలికాలంలోనూ అలాగే వచ్చేసేవాడు.

నాకు పదేళ్ళప్పుడు, ఎండాకాలంలో, తాతయ్యకి జ్వరం పట్టుకుంది. రెండు రోజులు జ్వరంతోనే నీళ్ళు మోశాడు. మూడో రోజు లేవలేకపోయాడు. నన్ను మంచం దగ్గరికి పిలిచి, పై మామ్మకి ఒక్క బిందెడైనా పట్టుకెళ్ళమన్నాడు. మా అమ్మకి కోపం వచ్చింది. ఉక్కు ఫ్యాక్టరీ పనులు జోరుగా సాగుతున్న రోజులవి. మా నాన్న పొద్దున్నే రైలెక్కి ఆ పనికి దువ్వాడ వెళ్ళి, రాత్రి జుట్టు నిండా సిమెంటుతో వచ్చి, కంచం ముందే కునుకు తీసేవాడు. ఇంటి పనంతా అమ్మదే. ఆవిడకీ చేతులున్నాయి కదా, ఆవిడ నీళ్ళు ఆవిడ తెచ్చుకోలేదా అంది. తాతయ్య లేచి కూర్చుని, తలపాగా కోసం తువ్వాలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అది చూసి నేనే బిందె తీసుకున్నాను.

మొదటి రెండు రోజులూ మామ్మ నీళ్ళు తీసుకుంది. తాతయ్యకి ఎలా ఉందని అడిగింది. మూడో రోజు నేను వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని తల దువ్వుకుంటోంది. నా నడుం మీది బిందెనీ, తడిసిన పరికిణీనీ చూసి, చేతిలో దువ్వెన గుమ్మం మీద పెట్టేసింది.

"ఇది ఆయనతో పోద్దనుకున్నాను. నీ మీదకి కూడా వచ్చేసిందేటమ్మా," అంది. నాకు అర్థం కాలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. "మీ తాతయ్యకి సెప్పు. రేపట్నుంచి నీళ్ళు తేవొద్దని. నాకొద్దని సెప్పు."

ఆ మాటలో కోపం లేదు. చాలా దూరం నడిచి వచ్చిన మనిషి, ఇక ఇక్కడ కూర్చుంటాను అన్నట్టు ఉంది.

ఇంటికొచ్చాను. తాతయ్య కళ్ళు మూసుకునే, పోశావా అని అడిగాడు. పోశానని చెప్పాను. వద్దందని చెబుదామనే నోరు తెరిచాను. కానీ పోశానని వినగానే ఆ ముఖం మీద ఏదో సడలింది. అది చూశాక నాకు చెప్పబుద్ధి కాలేదు.

మర్నాడు మళ్ళీ బిందె ఎత్తుకుని బయలుదేరాను. సగం దూరం వెళ్ళాక మెట్లు ఒక పెద్ద బండరాయి వెనక్కి మలుపు తిరుగుతాయి. అక్కడ సీతాఫలం తుప్పలు ఉండేవి. ఎవరూ చూడకుండా నీళ్ళు ఆ తుప్పల్లో పారబోశాను. కాసేపు అక్కడే కూర్చుని దిగిపోయాను. అలా ఐదు రోజులు చేశాను. తాతయ్య రోజూ మామ్మ ఏమందని అడిగేవాడు. నేను కల్పించి చెప్పేదాన్ని. కషాయం తాగమంది, ప్రార్థన చేస్తున్నానంది, ఇలాంటివి. ఆయన సంతోషించేవాడు. ఆయన సంతోషిస్తున్న కొద్దీ నాకు కల్పించడం సులువైంది. పారబోసిన నీళ్ళకంటే ఆ మాటలే నన్ను తర్వాత ఎక్కువ బాధపెట్టాయి.

ఆ ఎండాకాలం కొళాయి దగ్గర బిందె కోసం ఆడవాళ్ళు జుట్లు పట్టుకునేవారు. అలాంటప్పుడు నిండు బిందె తుప్పల్లో ఒంపడం ఎవరి కంటా పడకుండా ఎన్నాళ్ళు ఉంటుంది? ఆరో రోజు మా పక్కింటి అక్క చూసేసింది. నేను కిందకి దిగేలోపే సంగతి మా ఇంటికి చేరింది. నాయనమ్మ నా చెవి పట్టుకుని వాకిట్లో మోకాళ్ళ మీద నిలబెట్టింది. తాతయ్య మంచం మీద నుంచే అంతా విన్నాడు. నేను ఏడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన లేచి కూర్చున్నాడు.

"ఒద్దందా?" అని మాత్రం అడిగాడు.

అవునన్నాను. లేచి నిలబడి, తువ్వాలు తలకి చుట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. నాయనమ్మ అడ్డం వెళ్ళినా ఆగలేదు. పడిపోతాడేమోనన్న భయంతో నేను వెనకే వెళ్ళాను. పది మెట్లకోసారి గోడ పట్టుకుని నిలబడుతూ, మళ్ళీ ఎక్కుతూ, ఎనభై మెట్లూ ఎక్కాడు.

మామ్మ మంచం వాల్చి కూర్చోమంది. ఆయన మంచం మీద కూర్చోకుండా నేల మీద కూర్చున్నాడు. నా తప్పేటమ్మా అని అడిగాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మాటల్లో కొంతా, పెద్దయ్యాక మా అమ్మ చెప్పగా కొంతా, అసలు జరిగింది నాకు తెలిసింది.

నేను పుట్టకముందు మా తాతయ్య హార్బరులో పనిచేసేవాడు. ఓడల్లోంచి బస్తాలు పైకెత్తే వించి నడిపేవాడు. మామ్మ భర్త అదే ముఠాలో కళాసీ. ఓడ అడుగున నిలబడి, తాళ్ళ వలలో బస్తాలు పేర్చి పైకి పంపేవాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ఒక మధ్యాహ్నం తాతయ్య సారా తాగి పనిలోకి వెళ్ళాడు. ఈ రోజు పైకెక్కొద్దు బావా, ఇంటికి పో అని మామ్మ భర్త చెప్పాడట. తాతయ్య వినలేదు. చెయ్యి జారింది. పైకి లేచిన బస్తాల వల ఒక్కసారిగా కిందకి వచ్చి ఆయన మీద పడింది. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

అందరూ ప్రమాదమనే అనుకున్నారు. తాగి ఉన్నాడన్న సంగతి చనిపోయిన మనిషికీ తాతయ్యకీ తప్ప ఎవరికీ తెలియదు. మూడో రోజున తాతయ్యే మామ్మ ఇంటికి వెళ్ళి, మందిరం పెద్దలందరి ముందూ ఆ నిజం చెప్పేశాడు. పోలీసులకి చెప్పినా సరే అన్నాడు. పెద్దలు ఆ మాట బయటికి పొక్కనివ్వలేదు. ఆ సాయంత్రం మామ్మ క్షమించానని చెప్పి తలుపు వేసుకుందట. ఆ రోజు నుంచి తాతయ్య సారా ముట్టలేదు. వించి ఎక్కలేదు, బస్తాలే మోశాడు. మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టిన నీళ్ళు పదకొండేళ్ళు మోశాడు.

ఇదంతా ఆ వేళ నాకు ముక్కలు ముక్కలుగానే తెలిసింది. కానీ మామ్మ అన్న మాటలు మాత్రం నాకు అలాగే గుర్తుండిపోయాయి.

"అన్నయ్యా, క్షమించినానని ఆ రోజే సెప్పినాను. ఉత్తినే సెప్పినాననుకున్నావా?"

"నువ్వు క్షమించినావమ్మా," అన్నాడు తాతయ్య. "నాకే..." అని ఆగిపోయాడు.

"ప్రభువు రక్తం కార్సి తీర్సీసినాడని ఆదివారం ఆదివారం పాడతన్నాం. నువ్వేమో నీళ్ళు మోసి తీరుద్దామనుకుంటన్నావు. పదకొండేళ్ళయింది. తీరిందా?"

తాతయ్య తల అడ్డంగా ఊపాడు.

"తీరదు. సచ్చిపోయేదాకా మోసినా తీరదు. ఆయన చేసింది సాలదని, నువ్వు ఇంకొంచెం కలుపుతన్నావు. అది సాలదు, ఇదీ సాలదు." మామ్మ గొంతు బాగా తగ్గింది. "తెల్లారి నీ డబ్బాల సప్పుడు ఇనపడితే, నాకు ఆయన పోయిన రోజే మళ్ళీ వస్తాది. రోజూ వస్తాది. నాకు ఆయన బతికున్న రోజులు కావాలి అన్నయ్యా. ఆయనతో తిరిగినోడివి నువ్వొక్కడివే మిగిలినావు. ఒక్కనాడైనా ఈ గుమ్మంలో కూకుని ఆయన గురించి మాటాడినావా? తలొంచుకుని నీళ్ళు పోసి ఎల్లిపోయినావు. నాను అలిసిపోయినాను."

నేను గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను. తాతయ్య తలపాగా విప్పి ఆ తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. మామ్మ ఓదార్చలేదు. గోడకి చేరబడి కళ్ళు మూసుకుంది. కింద హార్బరు వైపు నుంచి ఏదో ఓడ కూత వినిపించింది.

చాలాసేపటికి తాతయ్య తువ్వాలు దించి, ఎవరితోనూ కాదు, నేలతో చెబుతున్నట్టు ఒక సంగతి మొదలుపెట్టాడు. ఒకసారి ఇద్దరూ చేపల కోసం జాలరిపేట వెళ్ళారట. అక్కడ ఎవరిదో నాటు పడవ ఎక్కి కాస్త దూరం వెళ్దామని మామ్మ భర్తకి సరదా పుట్టింది. ఆయనకి ఈత రాదు. ఒడ్డు దాటకుండానే అల వచ్చి పడవని తిరగేసింది. మొల లోతు నీళ్ళే. కానీ ఆయన సముద్రం మధ్యలో మునిగిపోతున్నట్టు కేకలు పెట్టి, చివరికి లేచి నిలబడేసరికి బీడీ ఇంకా నోట్లోనే ఉందట. తడిసి ముద్దయిన బీడీని చూసి, అగ్గిపెట్టి ఉంటే ఇయ్యి బావా అన్నాడట.

మామ్మ నవ్వింది. ఆమె నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. నవ్వుతూనే ఏడ్చింది. "తడిసిపోయి వచ్చినాడు ఆ రోజు. వానొచ్చిందన్నాడు నాతోటి," అంది.

దిగేటప్పుడు తాతయ్య నా భుజం మీద చెయ్యి వేసుకుని దిగాడు. జ్వరం కాలిపోతోంది. ఇంట్లో నాయనమ్మ నా శిక్ష మరిచిపోలేదు. మళ్ళీ మోకాళ్ళ మీద నిలబడమంది. నాకూ అదే న్యాయమనిపించింది. అందరూ నీళ్ళకి ఏడుస్తుంటే నేను పారబోశాను. జబ్బు మనిషికి అబద్ధాలు చెప్పాను. అందుకని నేనే ముందుకొచ్చి, నెలరోజులు పక్కింటి అక్క వాళ్ళకి నీళ్ళు మోస్తానని చెప్పాను.

తాతయ్య మంచం మీద వాలి, నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఒద్దు. అబద్ధం ఆడినావు, తప్పే. ఇంకెప్పుడూ ఆడకు. ఒప్పీసుకున్నావు గదా, అయిపోయింది. ఎల్లి ఆడుకో," అన్నాడు.

నేను కదల్లేదు. బయట నా ఈడు పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. తప్పు చేసిన దాన్ని వెళ్ళి ఎలా ఆడను? ఏ దెబ్బా తినకుండా, ఏ పనీ చేయకుండా ఉత్తినే వెళ్ళిపోవడం చాలా కష్టంగా అనిపించింది. తాతయ్య అది కనిపెట్టినట్టున్నాడు. "నాకూ సేతకావట్లేదులే గుంటా. ఇద్దరం నేర్సుకుందాం," అని కళ్ళు మూసుకున్నాడు.

ఆయన నేర్చుకోవడం అంత తొందరగా జరగలేదు. జ్వరం తగ్గాక కూడా కొళాయి వేళకి మెలకువ వచ్చేసేది. గుమ్మంలో కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, కింద బిందెల గొడవ వింటూ ఉండేవాడు. ఆ చేతులతో ఏం చేయాలో ఆయనకి తెలిసేది కాదు. ఒకటి రెండుసార్లు కావిడి ఎత్తుకుని బండరాయి దాకా వెళ్ళి, తిరిగి వచ్చేశాడు. మామ్మ తనకి కావలసిన రెండు చిన్న బిందెలూ తనే తెచ్చుకునేది. ఒంట్లో బాగులేనప్పుడు మా అమ్మ పట్టుకెళ్ళేది, అందరూ అందరికీ చేసుకునే సాయంలాగే.

తర్వాతి నెల మొదటి ఆదివారం, పాస్టరు గారు రొట్టె చేతిలోకి తీసుకోగానే తాతయ్య అలవాటు చొప్పున లేచాడు. నేనూ లేచాను. ఆడవాళ్ళ వైపు నుంచి మామ్మ తిరిగి చూసింది. పిలవలేదు, సైగ చేయలేదు. తాతయ్య ద్వారం వైపు సగం తిరిగి అలాగే నిలబడిపోయాడు. వెనకవాళ్ళు తలలు పక్కకి వంచి చూస్తున్నారు. ఎంతసేపు అలా ఉన్నాడో. చివరికి వచ్చి తన చోట్లో కూర్చున్నాడు. రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు ఆయన చెయ్యి చాపేదాకా పాస్టరు గారు పళ్ళెం కదపకుండా పట్టుకుని ఆగారు. తాతయ్య ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. ఆ ముఖం వెలిగిపోతుందేమోనని నేను కళ్ళప్పగించి చూశాను. అలాంటిదేమీ కనిపించలేదు. పని దిగి ఇంటికి వచ్చిన మనిషి ముఖంలా ఉంది, అంతే.

ఆ తర్వాత కూడా కొన్ని నెలలు ఆయన చెప్పుల దగ్గరే కూర్చున్న ఆదివారాలు ఉన్నాయి. అప్పుడు నేను వెళ్ళి, లోపలికి రా తాతయ్యా అని చెయ్యి పట్టుకునేదాన్ని. ఒక్కోసారి వచ్చేవాడు. ఒక్కోసారి, ఈ వారం కాదులే అనేవాడు. కానీ శనివారం సాయంత్రాలు మాత్రం ఖాళీ చేతులతో మెట్లెక్కి మామ్మ గుమ్మంలో కూర్చుని, తన బావ సంగతులు చెప్పి వచ్చేవాడు. చెప్పిందే చెప్పేవాడట. ఆమె విన్నదే వినేదట.

ఇప్పుడు నేనూ మామ్మనే, నా మోకాళ్ళు కూడా మెట్లని చూసి భయపడుతున్నాయి. ప్రార్థనలో తప్పు ఒప్పుకోవడం నాకెప్పుడూ కష్టం కాలేదు. ఒప్పుకున్నాక, క్షమాపణ దొరికిందని నమ్మి, లేచి మామూలుగా బతకడమే కష్టం. దానికి కూడా విశ్వాసం కావాలని, బహుశా దానికే ఎక్కువ కావాలని, మా తాతయ్యని చూసి తెలుసుకున్నాను. తెలుసుకున్నది చేతిలోకి రావడానికి మాత్రం ఒక జీవితం పట్టింది.

మా చెల్లెలు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం రమ్మని కబురు పెట్టింది. ఒళ్ళు అలిసిపోయి, రేపు వస్తానన్నాను. ఆ రేపటికి అది లేదు. ఆ తర్వాత రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం మందిరం నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళి, వంట చేసి, బట్టలు ఉతికి, గిన్నెలు తోమి వచ్చేదాన్ని. చెల్లెలి కూతురి ముఖంలోకి మాత్రం చూసేదాన్ని కాదు. ఒక రోజు ఆ పిల్ల వంటింట్లోకి వచ్చి, నా వెనక చాలాసేపు నిలబడి, "పెద్దమ్మా, అమ్మ చిన్నప్పుడు ఎలా ఉండేది?" అని అడిగింది.

సగం తోమిన గిన్నెలు అలాగే వదిలేసి, వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను.